గూడబాతు జెండా

తాయిఫ్
12 నవంబర్ 1990

మరిదిగారికి,

ఉత్తరాలు విప్పి చూస్తున్నారని మా వార్డులో అందరూ అంటున్నారు. అందుకని మనవాళ్ళు ఎప్పుడూ రాసుకునే మాటతో మొదలుపెట్టడం లేదు. నేను మనసులో అనుకున్నాను. మీరూ అనుకోండి.

ఇక్కడ చలి పట్టుకుంది. ఊరంతా కువైట్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళే. మొన్న ఒకామె కాన్పుకి వచ్చింది. మూడు రోజులు కారులో కూర్చునే వచ్చిందట. బిడ్డకి ఏం పేరు రాయమంటావమ్మా అంటే, ఇంటికి చేరాక పెడతాను అంది. అది ఎప్పటికో నేను అడగలేదు.

అసలు సంగతికి వస్తాను. అమెరికా ఓడలన్నీ మీ జుబైల్ రేవులోనే దిగుతున్నాయట కదా. ఓడలున్న చోటే రాకెట్లు వేస్తారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా అంటున్నారు. మీ గది రేవుకి ఎంత దూరం? కెజియాని నా దగ్గరికి పంపించేయండి. ఇది కొండల మీది ఊరు, ఇంత దూరం ఏదీ రాదంటున్నారు. నా గదిలో ఉండే అమ్మాయి సెలవు మీద వెళ్ళింది, మంచం ఖాళీ. ఇక్కడ కొండ కోతులు రోడ్డు మీదికి వచ్చి కూర్చుంటాయి, దానికి సరదాగా ఉంటుంది.

ఎనిమిదేళ్ళ పిల్ల. దాని తల్లి, నా చెల్లి, పోయి ఏడు నెలలు. మణి ఉంటే ఈపాటికి పంపేసేది. ఇలా అన్నానని కోపం తెచ్చుకోకండి.

మీ వదిన
దీవెనమ్మ

•

జుబైల్
23 నవంబర్ 1990

వదినగారికి,

ఇద్దరం బాగున్నాం. గది రేవుకి నాలుగు కిలోమీటర్లు.

పంపాలంటే ట్రావెల్ లెటర్ కావాలి. దాని మీద నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ సంతకం, ముద్ర, కింద తండ్రి సంతకం. అది లేకపోతే చెక్‌పోస్టు దాటనివ్వరు. కఫీల్‌ని అడిగాను. "ముందు అమెరికా వాళ్ళ పని చేసి ఇవ్వు, తర్వాత సంతకం" అన్నాడు.

ఆ పని గురించి రాస్తాను. పోయిన వారం మా కుట్టు దుకాణానికి ఒక సార్జెంట్ వచ్చి తన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. టోపీ మీద ఒక పక్షి, దాని రెక్కలో కర్ర. అది వాళ్ళ ఊరి బేస్‌బాల్ జట్టు గుర్తు. జీతాలిచ్చి ఆడించే జట్టు. ఆ ఊరివాళ్ళు అతని దళంలో అరవై మంది ఉన్నారు. డేరా మీద ఎగరేయడానికి ఆరడుగుల జెండా, అరవై బ్యాడ్జీలు కావాలన్నాడు.

ఎంబ్రాయిడరీ మెషిన్ మీద కూర్చునే భూమేష్ మీకు గుర్తుండాలి. జగిత్యాల అతను. మణి పోయినప్పుడు మీ సామాను మోశాడు. టోపీని అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగాడు.

"సార్, గీ కొంగకు కట్టె ఎందుకిచ్చిండ్రు?"

"కొంగ కాదు, గూడబాతు. అది బంతిని కొట్టే కర్ర."

"చిర్రగోనె అన్నట్టు. మరి గెలుస్తరా?"

చిర్రగోనె అంటే మన కర్రా బిళ్ళ. సార్జెంట్‌ని అడిగి చెప్పాను. పదకొండేళ్ళుగా ఒక్క కప్పూ రాలేదట.

"ఓడేటోళ్ళకే ఆరడుగులా! గెలిస్తే ఎడారి మొత్తం కప్పాలె" అన్నాడు.

కొల్లేటి గూడబాతు మీకు తెలిసిందే. టోపీ మీద ముక్కు కింది సంచి తప్పుగా వేశారు. నేను సరిచేసి గీశాను. ఇలాంటి పిట్ట నిజంగా ఉంటుందా అని కెజియా అడిగింది. మీ అమ్మ ఊళ్ళో ఉంటుందని చెప్పాను.

ఇమ్మానుయేల్

•

తాయిఫ్
4 డిసెంబర్ 1990

మరిదిగారికి,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు నిద్ర లేదు. సైన్యానికి జెండా కుట్టడం ఏమిటి? కర్ర పట్టుకున్న పక్షి యుద్ధం జెండా కాకపోతే మరేమిటి? రేపు ఇరాక్ వాళ్ళు జుబైల్‌లోకి వస్తే ఈ జెండాలు కుట్టినదెవరని ముందు దర్జీలనే వెతుకుతారు. ఆట అని సార్జెంట్ చెప్పాడు, మీరు నమ్మారు. మీకు చదువుంది కానీ ఎదుటివాళ్ళని అనుమానించడం రాదు.

నేను కంగారులో ఆ రోజే అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను. అది నాదే తప్పు. కైకలూరులో ఇప్పుడు మీరు అమెరికా సైన్యంలో చేరిపోయారని చెప్పుకుంటున్నారట. మీ కోసం మూడిళ్ళలో ఉపవాసం ఉన్నారు. మా మేనమామ అయితే, "వాడికి తుపాకీ ఎవరిచ్చారే, గొడుగే సరిగ్గా పట్టుకోలేడు" అన్నాడట.

నిన్న మాకు విషపు గ్యాస్ గురించి క్లాసు పెట్టారు. చూపించిన బొమ్మలు మీకు రాయను. చేయవలసింది రాస్తాను. కిటికీ సందులకి ప్లాస్టరు అంటించండి. తలుపు కింద తడి తువ్వాలు పెట్టండి. ముక్కుకీ నోటికీ తడి గుడ్డ కట్టండి. ఇది నిజంగా పనిచేస్తుందా అని నేను అడిగాను. క్లాసు చెప్పిన డాక్టర్ కాగితాలు సర్దుకున్నాడు.

త్వరగా ఆ జెండా వాళ్ళ మొహాన కొట్టి సంతకం పుచ్చుకోండి.

దీవెనమ్మ

•

జుబైల్
15 డిసెంబర్ 1990

వదినగారికి,

ఇది ఆట జెండానే. సార్జెంట్ సుద్దముక్కతో మా బల్ల మీద మైదానం గీసి చూపించాడు. కొట్టినవాడు పరుగెత్తి, నాలుగు మూలలూ తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి చేరాలి. అలా చేరితే ఒక పరుగు. అత్తయ్యగారికి ఇది రాయండి.

మాస్కులు వచ్చాయి. కంపెనీల పెద్దవాళ్ళకి ఇచ్చారు. మా వరకు రాలేదు. పిల్లల కొలతలో అసలు లేవట. ప్లాస్టరు అంటించాను.

బ్యాడ్జీలు అయిపోయాయి. జెండా దగ్గర చిక్కు వచ్చింది. నేను చేతికుట్టు పని అప్పగించినది నన్నే సాహెబ్ అనే ఆయనకి. కర్నూలు పెద్దాయన, అరవై దాటాయి, ఆయనంత సన్నంగా కుట్టేవాళ్ళు ఇక్కడ లేరు. పక్షి అంతా కుట్టి కన్ను వదిలేశాడు.

"రెక్క కుడతా, ముక్కు కుడతా సాబ్. కన్ను మాత్రం నన్నడగొద్దు. కన్ను పెడితే బొమ్మ పూర్తయిపోతుంది. నువ్వు చేసినదానికి ప్రాణం నువ్వే పొయ్యమని రేపు అల్లా అడిగితే, నేనేడ నుంచి తెచ్చి పొయ్యాల?"

"ఇన్నాళ్ళూ ఒంటెలు కుట్టారు కదా సాహెబ్."

"అప్పుడు యుద్ధం లేదు కదా. లెక్క ఎప్పుడు అడుగుతాడో తెలిసేది కాదు."

భూమేష్ నవ్వబోయి ఆగిపోయాడు.

కన్ను నేను కుట్టవచ్చు. ఆయన పని మీద నా సూది పెట్టడం ఇష్టం లేక ఇంకా కుట్టలేదు.

బడి మూసేశారు. కెజియా రోజంతా దుకాణంలో నా పక్కనే కూర్చుని దారాలు రంగుల వారీగా సర్దుతోంది. పిట్ట గురించి అడుగుతూ ఉంటుంది. ఎక్కడ పడుకుంటుంది, పిల్లలకి ఎలా పెడుతుంది, అమ్మ ఎప్పుడు చూసింది. నాకు తెలిసింది చెబుతున్నాను.

ఇమ్మానుయేల్

•

తాయిఫ్
27 డిసెంబర్ 1990

మరిదిగారికి,

మొన్న ఇరవై అయిదో తారీఖున నలుగురం ఒక గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. పాడలేదు. పెదాలు కదిపాం. మణి గొంతు ఎంత పెద్దదో మీకు తెలుసు కదా. తను ఉంటే మమ్మల్నందరినీ పట్టించేసేది.

కువైట్ వదిలి పొమ్మని ఇరాక్‌కి జనవరి పదిహేను దాకా గడువిచ్చారు. ఆ తర్వాత మొదలవుతుందని అందరూ అంటున్నారు. మీ పక్క వాటాలో ఉండే సుగ్రా బేగం ఫోన్ చేసింది. భర్తతో కలిసి పన్నెండున బయలుదేరి తాయిఫ్‌లో వాళ్ళ తమ్ముడి ఇంటికి వస్తున్నారట. కారులో పిల్లకి చోటుందని తనే చెప్పింది. ఇంతకన్నా మంచి తోడు దొరకదు. జెండా ఇచ్చేశారా? కఫీల్ సంతకం పెట్టాడా? అవుననో కాదనో ఒక్క ముక్క రాయండి. కన్ను గురించి, ముక్కు గురించి వద్దు.

దీవెనమ్మ

•

జుబైల్
5 జనవరి 1991

వదినగారికి,

జెండా తిరిగి వచ్చింది. కన్ను లేదని సార్జెంట్ తీసుకోలేదు. గుడ్డి పక్షి జట్టుకి మంచిది కాదన్నాడు. మళ్ళీ కుట్టాలి. కఫీల్ కోపంగా ఉన్నాడు, సంతకం పెట్టలేదు. పన్నెండుకి వీలుకాదు.

కెజియా కింద రాస్తానంటోంది.

ఇమ్మానుయేల్

పెద్దమ్మా, నాన్న నాకు కాడ కుట్టు నేర్పాడు. మేము ఇద్దరం పిట్టని కుడుతున్నాము. నేను కాళ్ళు కుట్టాను. ఒక కాలు లావు అయింది. అమ్మ చిన్నప్పుడు పిట్ట సంచిలో నుంచి చేప పడితే ఇంటికి తెచ్చుకుందట. నీకు తెలుసా? కోతులు కరుస్తాయా? కెజియా.

•

తాయిఫ్
19 జనవరి 1991

ఇమ్మానుయేల్ గారికి,

మందుల ట్రక్కు డ్రైవర్ దమ్మామ్ వస్తుంటే ఇది ఇచ్చి పంపుతున్నాను. మొదలైంది. మా నెత్తి మీద నుంచి విమానాలు పోతూనే ఉన్నాయి. ఫోన్లు కలవడం లేదు. మీరిద్దరూ ఉన్నారో లేదో తెలియకుండా రాస్తున్నాను.

సుగ్రా బేగం వచ్చింది. పిల్ల ఏదమ్మా అని ఏడ్చాను. మీ కఫీల్‌ని, ఆ సార్జెంట్‌ని, కన్ను కుట్టని ముసలాయన్ని వరసగా తిట్టాను. ఆమె నా మొహం చూసి, "అదేంటి దీవెనమ్మా, కాగజ్ ఎప్పుడో అయిపోయింది కదా. ముద్ర కూడా నేను చూశా. పంపించు భాయ్, నా బిడ్డలెక్క చూసుకుంట అని మీ మరిదిని ఎంత బతిమాలానో. తల ఊపాడు. పొద్దున్నే వచ్చి తలుపు కొడితే తియ్యలేదు" అంది.

మీరు లోపల ఉండి తలుపు తీయలేదా?

మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ జెండా కథలు చెప్పారు. ఎందుకు? డబ్బా? దుకాణం పోతుందనా? నా దగ్గర పెరిగితే పిల్ల మిమ్మల్ని మర్చిపోతుందని ఎవరైనా చెప్పారా? నేను దాన్ని లాక్కోవడానికి అడిగానా? మణి కడుపున పుట్టినది ఆ ఒక్కతే. దానికి ఏమైనా జరిగితే నేను మీ మొహం చూడను.

దీవెనమ్మ

•

జుబైల్
28 జనవరి 1991

వదినగారికి,

ఉన్నాం.

సుగ్రా బేగం చెప్పింది నిజం. నేను రాసింది అబద్ధం.

జెండా తిరిగి రాలేదు. డిసెంబర్ 22న ఇచ్చాం. కన్ను లేదన్న సంగతి వాళ్ళు గమనించలేదు. నలుగురు పట్టుకుని ఫోటో తీయించుకుని వెళ్ళిపోయారు. కఫీల్ ఆ పూటే సంతకం పెట్టి ముద్ర వేసి ఇచ్చాడు. ఆలస్యం ఆయన వల్ల కాదు, నన్నే సాహెబ్ వల్ల కాదు.

కింద నా సంతకం పెట్టాలి. పెట్టలేకపోయాను.

ఏప్రిల్‌లో మణిని ఊరికి పంపినప్పుడు దమ్మామ్ కార్గో ఆఫీసులో ఒక కాగితం మీద సంతకం పెట్టాను. పంపువారు అన్న చోట నా పేరు. వెంట వెళ్ళేవారు అన్న చోట మీ పేరు. ఇది కూడా అలాగే ఉంది. పంపువారు నేను, అందుకునేవారు మీరు. కలం తీసుకుని కూర్చున్నాను. రేపు పెడదాం అనుకున్నాను. మర్నాడూ అంతే. డబ్బు కాదు. దుకాణం కాదు.

మణి పోయాక నాకూ కెజియాకీ మధ్య మాటలు లేవు. అన్నం తిన్నావా, పడుకో. అంతే. ఈ జెండా వచ్చాక మాట్లాడింది. గూడబాతు గురించి అడుగుతూ అమ్మ గురించి అడిగింది. చేప కథ నేను కల్పించాను. జెండా ఇచ్చేశాక మిగిలిన గుడ్డ మీద ఇంకొకటి మొదలుపెట్టాం. మా ఇద్దరిదే. అది కుడుతున్నంతసేపు బయట ఏమీ జరగడం లేదనిపించేది.

పన్నెండో తారీఖు పొద్దున లోపలే ఉన్నాను. కెజియా నిద్రపోతోంది. సుగ్రా బేగం ఆరుసార్లు తలుపు కొట్టింది. లెక్కపెట్టాను.

ఇప్పుడు సైరన్ మోగినప్పుడల్లా తడి తువ్వాలు దాని ముక్కుకి కడుతున్నాను. ఊపిరాడక తీసేస్తుంది. "తీసేస్తే చచ్చిపోతామా నాన్నా?" అని అడిగింది. తెలియదన్నాను.

కాగితం గడువు నెల రోజులు. 21తో అయిపోయింది. కఫీల్ రియాద్ వెళ్ళాడు. దుకాణానికి తాళం. చెక్‌పోస్టు దాకా వెళ్ళి అడిగాను. పాత కాగితం చూసి తిప్పి పంపారు.

మీరు నా మొహం చూడకపోయినా ఫరవాలేదు. ఏం చేయాలో రాయండి.

ఇమ్మానుయేల్

•

తాయిఫ్
7 ఫిబ్రవరి 1991

మరిదిగారికి,

మీ ఉత్తరం డ్యూటీ గదిలో నిలబడి చదివాను. తర్వాత ఇద్దరికి సెలైన్ పెట్టాను.

మణి ఉంటే ఈపాటికి పంపేసేది అని మొదటి ఉత్తరంలో రాశాను. అది తప్పు. నేను నర్సు ట్రైనింగుకి గుంటూరు వెళ్ళే రోజు మణికి ఏడేళ్ళు. బస్సు చక్రం ముందు కూర్చుంది. డ్రైవర్ దిగాడు, కండక్టర్ దిగాడు, లేవలేదు. చివరికి అమ్మ జుట్టు పట్టుకుని ఈడ్చింది. మీ ఇద్దరికీ ఎలా కుదిరిందో ఇప్పుడు అర్థమైంది.

మీరు ఏడవలేదని ఏప్రిల్‌లో నేను తప్పుగా అనుకున్నాను. అది కూడా రాసేస్తున్నాను.

కానీ జాలిపడడానికి ఇది సమయం కాదు. సుగ్రా బేగం, వాళ్ళాయన మిగిలిన సామాను కోసం 17న జుబైల్ వచ్చి 18న తిరిగి బయలుదేరుతున్నారు. ఈసారి తలుపు తీయకపోతే పగలగొట్టమని చెప్పాను. వాళ్ళాయన నవ్వాడు. నేను నవ్వలేదు.

కఫీల్ వచ్చినా రాకపోయినా, వాళ్ళ అన్నదమ్ములెవరి కాళ్ళయినా పట్టుకుని కొత్త కాగితం తీసుకోండి. సిగ్గుపడకండి. దొరక్కపోతే పాతదే ఇచ్చి పంపండి. దారిలో ఎవరైనా ఆపితే సుగ్రా బేగం ఏడవగలదు, ఆమెకి అది బాగా వచ్చు.

మీరు చేయవలసింది ఒక్కటే. సంతకం.

మీ వదిన
దీవెనమ్మ

•

జుబైల్
18 ఫిబ్రవరి 1991

వదినగారికి,

ఈ ఉత్తరం తెచ్చేది కెజియానే.

కఫీల్ పన్నెండున తిరిగి వచ్చాడు. వెళ్ళి మళ్ళీ కాగితం కావాలన్నాను. "డిసెంబర్‌లో ఇచ్చాను కదా. ఏం చేశావు?" అన్నాడు. బల్ల సొరుగులో పెట్టుకున్నానని చెప్పాను. "నాకు అయిదుగురు పిల్లలు. ఆగస్టులోనే అందరినీ తాయిఫ్ పంపేశాను. ఇంట్లో ఒక్కణ్ణే టీవీ పెద్దగా పెట్టుకుని కూర్చుంటాను" అన్నాడు. ముద్ర వేశాడు. నేను అక్కడే, ఆయన ఎదురుగానే సంతకం పెట్టాను. ఇంటికి తెచ్చుకోలేదు.

శనివారం ఇక్కడ రేవు పక్కన సముద్రంలో రాకెట్ ఒకటి పడింది. పేలలేదు. కెజియాకి తెలుసు. దాచనక్కరలేదు.

తన గురించి మీకు తెలియనివి రాస్తున్నాను. టొమాటో తోలు తగిలితే అన్నం వదిలేస్తుంది. పడుకునేటప్పుడు పక్కవాళ్ళ చెవి పట్టుకుంటుంది, మణి దగ్గర అలవాటు, ఇప్పుడు నా చెవి. మీరు చెవిపోగులు తీసి పడుకోండి. సైరన్‌కి ఏడవదు, పక్క తడుపుతుంది. తిట్టకండి. తెల్లారాక ప్రశ్నలు అడుగుతుంది. తెలియదని మాత్రం చెప్పకండి. నేను చెప్పి చూశాను.

చేప కథ అబద్ధమని చెప్పేశాను. "నాకు తెలుసులే, నువ్వు చెప్తున్నప్పుడు ఆగి ఆగి చెప్పావు" అంది. మణి నిజంగా చేసినవి మీరు చెప్పండి. బస్సు చక్రం సంగతి ముందు చెప్పండి.

సుగ్రా బేగం తలుపు కొట్టకముందే తీసి నిలబడ్డాను. కెజియా కారులో ఎక్కి కూర్చుంది. తనంతట తనే నడిచి ఎక్కింది. ఏప్రిల్ కాగితానికీ దీనికీ తేడా అదేనని నాకు నేను చెప్పుకుంటున్నాను. బానెట్ మీద పెట్టి ఈ ఆఖరి పేజీ రాస్తున్నాను. వాళ్ళాయన తొందరపెడుతున్నాడు.

ఒక్క విషయం. నేను ఒకసారి మీకు అబద్ధం రాశాను. అంత కష్టం కాలేదు. గది ఖాళీ అయ్యాక ఇంకేం రాస్తానో నాకే తెలియదు. యుద్ధం అయిపోయింది, పిల్లని పంపించేయండి అని నా ఉత్తరం వస్తే నమ్మకండి. ఇంకెవరైనా చెప్పేదాకా ఆగండి.

ఇమ్మానుయేల్